కింద పెట్టిన కత్తి

అప్పలసూరి కుడి నడుము మీద, లుంగీ ముడికి కాస్త పైన, నాలుగు వేళ్ళ పొడవున చర్మం కాయ కాసి ఉంటుంది. ముప్ఫై నాలుగేళ్ళ పాటు ఒక మడత కత్తి ఒరుసుకుంటూ ఉన్న చోటు అది. మార్చి నెల నుంచి అక్కడ కత్తి లేదు. ఆ సంగతి మనిషికి తెలుసు గాని చేతికి ఇంకా తెలిసినట్టు లేదు. ఎవరైనా పచ్చి మామిడికాయ చేతిలో పెడితే, ముక్కలు కోయడానికి కుడిచెయ్యి దానంతటదే నడుం దగ్గరికి పోతుంది. కాయ కాసిన చోటు తడుముతుంది. ఖాళీగా వెనక్కి వస్తుంది. అప్పుడు అప్పలసూరి ఆ కాయని అలాగే కొరుకుతాడు, పక్కవాడెవడో తన ముద్ద లాక్కున్నట్టు మొహం పెట్టి.

ఎచ్చెర్ల నుంచి సముద్రం వైపు వెళితే, రోడ్డు ఇసకలో కలిసిపోయే చోట చినగెడ్డపాలెం ఉంది. అప్పలసూరిది ఆ ఊరే. యాభై ఎనిమిదేళ్ళు. చేపల వేట తప్ప మరో పని తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. భార్య లక్ష్మణమ్మ తట్టలో చేపలు పెట్టుకుని ఆటోలో ఎచ్చెర్ల వెళ్ళి, యూనివర్సిటీ క్వార్టర్లలో ఇంటింటికీ అమ్ముతుంది. ఆమెని అప్పా అని పిలిచే తమ్ముడు పోతురాజు అదే ఊళ్ళో నాలుగిళ్ళ అవతల ఉంటాడు. బావా బావమరుదులిద్దరికీ కలిపి ఒక ఫైబరు బోటు ఉంది. ఇంజను నడపడానికి ధర్మేంద్ర అని ఒకడున్నాడు. నలభై దాటినవాడు, నోరు మూసుకోవడం చేతకానివాడు.

మత్స్యకారుడి కత్తి అనగానే గొంతు తగ్గించి వారసత్వం, ఆత్మగౌరవం అని మొదలుపెట్టేవాళ్ళు మనలో చాలామంది. అప్పలసూరిని ఆ కత్తి గొప్పతనం ఏమిటని అడిగితే, "తాడు తెగతాది" అంటాడు. ఇంకా అని అడిగితే, "సేప తెగతాది, మామిడికాయ తెగతాది" అంటాడు. అంతకు మించి రాబట్టాలంటే ఆ కత్తి ఎలా వచ్చిందో అడగాలి. అప్పుడు మనిషి చుట్ట ఆర్పి పక్కన పెట్టి, సర్దుకుని కూర్చుంటాడు.

పెళ్ళయిన ఏడాది శ్రీరామనవమికి కొత్త దంపతులిద్దరూ రామతీర్థం కల్యాణానికి వెళ్ళారు. తిరుగు దారిలో విజయనగరంలో బస్సు దిగి, కోటకి అవతలి వీధిలో ఒక కమ్మరి కొలిమి దగ్గర ఆగారు. అప్పట్లో పాలెం నుంచి మగవాళ్ళంతా మడత కత్తి కోసం అక్కడికే వెళ్ళేవారు. ముందే చేసి దండగా గుచ్చి వేలాడదీసిన కత్తులు డజను దాకా ఉన్నాయట. అప్పలసూరి ఒక్కొక్కటీ తీసి, చూసి, మళ్ళీ వేలాడదీశాడు. కమ్మరికి విసుగొచ్చింది.

"ఏటి కొయ్యాల నీకు?"

"తాడు."

"ఇంకేటి?"

"అన్నీ."

"మరి ఈ పన్నెండిట్లో ఒక్కటీ నప్పనేదేటి?"

"పళ్ళతో తెరుసుకోవాల. ఇవన్నీ రెండు సేతులు అడుగుతన్నాయి. తెప్ప మీద ఒక సెయ్యి తాడుకి పోతాది. నాకు మిగిలీది ఒక సెయ్యీ, నోరూ."

కమ్మరి ఆ మాటకి సుత్తి కింద పెట్టాడు. అంతవరకూ ఆయన దగ్గరికొచ్చిన వాళ్ళెవరూ కారణం చెప్పి బేరమాడలేదు కాబోలు. పాత లారీ కమాను పట్టీ ముక్క ఒకటి వెతికి తీసి నిప్పుల్లో పెట్టాడు. ఆ రోజంతా పట్టింది. రేకు సాగదీయడం, నీళ్ళలో ముంచడం, గేదె కొమ్ముని చీల్చి పిడి చేయడం, రాగి బిళ్ళ వేసి రివెట్టు కొట్టడం. తెరిచే చోట పంటికి అందేలా చిన్న గంటు పెట్టడం. రివెట్టు మరీ బిగిస్తే పన్ను ఊడుతుంది, వదులైతే కత్తి దానంతటదే తెరుచుకుని తొడ కోస్తుంది. అందుకని కమ్మరి రెండు దెబ్బలు కొట్టడం, అప్పలసూరి పళ్ళతో తెరిచి చూడడం, తల అడ్డంగా ఆడించడం. జూటుమిల్లు సైరను రెండుసార్లు మోగిందట ఆ పని తేలేసరికి. కొత్త పెళ్ళికూతురు ఆకలితో నీరసించి గోడకి చేరగిలబడితే, కమ్మరి భార్య చోడంబలి పోసి ఇచ్చింది. కమ్మరికి కూడా జాలేసి, మిగిలిన ముక్కతో అదే మోస్తరు చిన్న కత్తి ఒకటి చేసి ఆమె ముందు పెట్టాడు.

"రామతీర్థం ఎల్లి ఏటి తెచ్చుకున్నావే అని మాయమ్మ అడిగితే, కత్తి అని సెప్పినాను," అంటుంది లక్ష్మణమ్మ. "ఓలమ్మ, మొగుడు అంత మంచోడేటి అన్నాది."

ఆ చిన్న కత్తి ఇప్పటికీ ఆమె రొంటిలో ఉంది. చేప తోకలు, రెక్కలు కోస్తుంది దానితో. తట్ట తాడు కోస్తుంది. అప్పలసూరి ఏనాడూ దాన్ని ఒక కత్తిగా లెక్కేసుకోలేదు. ఆడవాళ్ళ సరుకు అనుకున్నాడు.

పెద్ద కత్తి మాత్రం ఆయనతో పాటు అన్నీ చూసింది. దుంగల్ని పక్కపక్కన చేర్చి కొబ్బరి తాడుతో కట్టే పాత తెప్పల కాలం నుంచి ఉంది. ఆ తెప్పల్ని వేట నుంచి రాగానే విప్పి దుంగలు ఆరబెట్టేవారు, మర్నాడు మళ్ళీ కట్టేవారు. రోజూ తాడు పని, రోజూ కత్తి పని. ధనుర్మాసంలో తేగలు కాలిస్తే ఆ కత్తే చీల్చేది. తిత్లీ తుపాను నాడు ఇంటి రేకులు ఎగిరిపోతుంటే వలతాళ్ళు తెగ్గోసి వాసాలకి కట్టింది అదే. కూతురు బడికి వెళ్ళిన రోజుల్లో పెన్సిళ్ళు చెక్కిందీ అదే. చేపల వాసన వేసే పెన్సిలు క్లాసులో ఆ పిల్లదొక్కటేనట. నూరి నూరి రేకు సగానికి అరిగింది. పిడి కొమ్ము ఆయన బొటనవేలి అచ్చులోకి గుంట పడింది. ఎవరైనా ఆ కత్తి పట్టుకుంటే పిడి చేతిలో అడ్డంగా ఉండేది, ఆయన పట్టుకుంటే ఒదిగేది.

ఇక ఆ కత్తి పోయిన కథ. దానికి ముందు ఈ తీరంలో ఒక పద్ధతి చెప్పాలి. ఇక్కడ కత్తిని చేతి నుంచి చేతికి అందించరు. ఉప్పూ ఎండుమిరపకాయలూ కూడా అంతే. ఇచ్చేవాడు కింద పెడతాడు, పుచ్చుకునేవాడు కింద నుంచి తీసుకుంటాడు. చేతిలో పెడితే ఇద్దరికీ తగువొస్తుందని నమ్మకం. ఆంధ్రదేశంలో చాలా ఇళ్ళలో ఉన్నదే. నేల మీద బతికేవాడికి ఇందులో నష్టమేమీ లేదు. పెట్టిన కత్తి పెట్టిన చోటే ఉంటుంది.

శివరాత్రి వెళ్ళిన పక్షానికి, ఒకరోజు పొద్దున, ఒడ్డు కనపడనంత లోపల, వల లాగుతుండగా నైలాను తాడు ఇంజను పంకాకి చుట్టుకుంది. ఇంజను ఆగిపోయింది. బోటు అలలకి అడ్డం తిరిగింది. పోతురాజు వెనక అంచు మీద బోర్లా పడుకుని, ఒక చేత్తో పంకా పైకెత్తి పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాపి అరిచాడు.

"బావా, కత్తి!"

అప్పలసూరి కత్తిని మొలతాడుకి కట్టిన దారం విప్పాడు. ఆ దారం ఉంటే కత్తి పోతురాజు దాకా అందదు మరి. దగ్గరికి వెళ్ళాడు. చాపిన చెయ్యి ఎదురుగా ఉంది. కత్తిని ఆ చేతిలో పెట్టలేదు. చేతి పక్కన, బోటు పలక మీద పెట్టాడు.

ఆ పలక నిండా చేపల జిగురు. కత్తి దాని మీద ఎంతసేపుందో ఇప్పటికీ తేలలేదు. ఒకటీ రెండూ లెక్కపెట్టేంతసేపు ఉందంటాడు అప్పలసూరి. అసలు ఉండనే లేదంటాడు పోతురాజు. బోటు ఒక పక్కకి ఒరిగింది. పోతురాజు వేళ్ళు పలక మీదికి వచ్చేసరికి జిగురు మాత్రమే తగిలింది. ఇంజను పక్క నుంచి చూసినవాడు ధర్మేంద్ర ఒక్కడే.

"సేపలాగ జారీసి దూకీసినాది," అని ఇప్పటికీ చేతులతో అభినయించి మరీ చెబుతాడు. "ముప్పై నాలుగేళ్ళు సేపల్ని కోసి కోసి, ఆఖరికి అదీ సేపయిపోనాది."

బోటులో మరో కత్తి లేదు. చివరికి ధర్మేంద్ర బీడీ లైటరుతో తాడుని కాల్చి, కరిగించి, ఊడదీశారు. మధ్యాహ్నానికి రావలసిన బోటు పొద్దు వాలాక వచ్చింది. ఇసక మీద కాలు పెట్టగానే తగువు మొదలైంది.

"నాను కత్తి ఇచ్చినాను. నువ్వు తియ్యనేదు," అన్నాడు అప్పలసూరి.

"ఇచ్చినావేటి? కింద పెట్టినావు. ఇయ్యడమంటే సేతిలో పెట్టడం బావా."

"మీ అప్పని అడుగు. మీ అయ్య ఏనాడైనా కత్తి సేతికిచ్చినాడేటి?"

"మా అయ్య నేల మీద పెట్టీవోడు. నువ్వు సంద్రం మీద పెట్టినావు."

"పెట్టినాక అది నీది. నీ సేతిలోంచి పోనాది."

"నా సెయ్యి తగల్నేదు గదా! తగల్నిది నాదెలగవుతాది?"

ఇది తేలిగ్గా నవ్వేసే ప్రశ్నేమీ కాదు. కింద పెట్టిన కత్తి, ఎత్తుకునే దాకా ఎవరిది? ఇచ్చేసినవాడిదా, ఇంకా తీసుకోనివాడిదా? తగువు రాకూడదని కనిపెట్టిన పద్ధతి సరిగ్గా తగువు పుట్టేంత సందు మధ్యలో వదిలింది. తాతల కాలం నుంచి అందరూ దాన్ని పాటించారు, ఒక్కరూ దాన్ని సముద్రం మీద పరీక్షించలేదు. చుట్టూ చేరినవాళ్ళు తలో పక్షం పట్టారు. ఆ వేడిలో అప్పలసూరి అందరి ముందూ ఒక మాట అనేశాడు.

"నాకు నప్పిన కత్తి దొరికీదాకా ఆ బోటు ఎక్కను. ఎక్కితే నన్ను అప్పలసూరి అనకండి."

మాట బాగానే ఉంది. దాని వెనక ఉన్న లెక్క మాత్రం మంచిది కాదు. యాభై ఎనిమిదేళ్ళ ఈడులో ఒక సీజను ఒడ్డున కూర్చున్నవాడు మళ్ళీ బోటెక్కడం చినగెడ్డపాలెంలో ఎవరూ చూడలేదు. కాళ్ళకి అల అలవాటు తప్పుతుంది, ఆ చోటులోకి మరొకడు వస్తాడు. అలా ఆగిపోయినవాళ్ళు ఆరుగురు ఊరి మొదట్లో రేకుల షెడ్డు కింద కూర్చుని పరాయివాళ్ళ వలలు బాగుచేస్తుంటారు. అప్పలసూరి రోజూ వాళ్ళ ముందు నుంచే నడుస్తాడు. ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు వేట నిషేధం ఎలాగూ ఉంది. జూన్ పదిహేనున బోట్లన్నీ దిగుతాయి. ఆ రోజు ఎక్కకపోతే షెడ్డు కింద ఏడో మనిషి ఆయనే. ఇది ఆయనకి తెలుసు, లక్ష్మణమ్మకి తెలుసు, పోతురాజుకీ తెలుసు.

కాబట్టి కత్తి వేట మొదలైంది. నవమికి రామతీర్థం వెళ్ళాడు. కొండ కింద దుకాణాల్లో కత్తులు తళతళలాడుతున్నాయి. స్ప్రింగు బొత్తాం నొక్కితే టక్కున తెరుచుకుంటున్నాయి. పిడి మీద సింహం బొమ్మ కూడా ఉంది. అప్పలసూరి జేబులోంచి తడి నైలాను తాడు ముక్క తీశాడు. ఇంటి నుంచి ప్లాస్టిక్ కవర్లో సముద్రపు నీళ్ళతో సహా తెచ్చుకున్నాడు దాన్ని. కత్తి తాడు మీద జారింది. దుకాణదారు ఎండు తాడు ఇచ్చి, దీని మీద చూడమన్నాడు.

"ఎండు తాడు నా పళ్ళకీ తెగతాది," అని వచ్చేశాడు.

విజయనగరం బజారులో స్టీలు కత్తులు చూశాడు. అవి తుప్పు పట్టవని అమ్మేవాడు గొప్పగా చెప్పాడు. అప్పలసూరికి అదే అనుమానం. ఉప్పు తగిలినా రంగు మారని ఇనుము ఇనుమే కాదని ఆయన వాదన. ఆయన పరీక్ష వేరు. కత్తిని ఉప్పునీళ్ళలో తడిపి వదిలేయాలి. ఎర్రగా తుప్పు రావాలి. కొబ్బరి పీచుతో రుద్దితే ఆ ఎరుపు పోవాలి, కింద నీలం కలిసిన నలుపు మిగలాలి. గుంటలు మిగిలితే పారేయాలి, ఏమీ మిగలకపోతే కొనకూడదు. దీని వెనక సైన్సు ఎంతుందో లోహశాస్త్రం చదివినవాళ్ళు చెప్పాలి. ఆయన మాత్రం ఆ పరీక్షతో ముప్ఫై నాలుగేళ్ళు గడుపుకొచ్చాడు.

ధర్మేంద్ర ఫోనులో ఆర్డరు పెట్టి ఒకటి తెప్పించాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది. విప్పితే కత్తి, కత్తెర, స్క్రూడ్రైవరు, సీసా మూత తీసేది, గోళ్ళు గీసుకునేది, ఒకటొకటే బయటికి వస్తున్నాయి.

"ఇది కత్తేట్రా, కిరాణా కొట్టేటి?"

"అన్నీ ఒకదాంట్లోనే ఉన్నాయి మావా!"

"అన్నిట్లో నాకు కావలసింది నీ సిటికినేలంత ఉన్నాది."

చివరికి పాత కొలిమికే వెళ్ళాడు. ఆనాటి కమ్మరి పోయి పన్నెండేళ్ళయింది. కొడుకు నరసింగరావు ఉన్నాడు. వీధిలో ఇప్పుడు సగం గేట్లు చేసే వెల్డింగు షాపులు. ఆయన కూడా గేట్లే చేస్తాడు, కోతల ముందు మాత్రం కొలిమి వెలిగించి కొడవళ్ళు చేస్తాడు. అప్పలసూరి తన కత్తి సంగతి చెబితే నరసింగరావు వినీ విననట్టు వెల్డింగు చేసుకుంటూ పోయాడు.

"మడత కత్తులు మా నాన్నతోనే పోయాయండి. రోజంతా కూర్చుంటే ఒకటి తేలదు. మీకు కొడవలి కావాలంటే చెప్పండి."

"కొడవలి నడుంలో దోపుకుని సంద్రానికి ఎల్లమంటావేటి?"

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అప్పలసూరి దారంతా నడుం తడుముకుంటూనే ఉన్నాడని, ఆరోజు వెంట వెళ్ళిన లక్ష్మణమ్మ చెబుతుంది. ఇల్లు చేరాక ఆమె చేపలు కోస్తుంటే పక్కన కూర్చుని, ఆమె చేతిలో కత్తి వైపు చాలాసేపు చూశాడు. అదే పట్టీ, అదే కొమ్ము, అదే రాగి బిళ్ళ.

"ఒసే, అది ఇలా పెట్టు."

"ఎందుకు?"

"సూస్తాను."

ఆమె కత్తి తుడిచి, మడిచి, రొంటిలో దోపేసుకుంది.

"సూసీసి పట్టుకుపోతావు. నానియ్యను."

"నీకు ఒడ్డు మీద పీట కత్తి ఉన్నాది గదే."

"నీకు లేదేటి? పీట కత్తి మెడకి ఏలాడదీసుకుని ఎల్లు. మావా, నీ కత్తి నువ్వు సంద్రంలో పారీసుకున్నావు. నాను నాది పారీసుకోనేదు. ఈ కత్తితోనే మన పిల్ల పెళ్ళి సేసినాను."

ఇలాంటి చోట ఇల్లాలు మారుమాట లేకుండా తీసి ఇచ్చేసిందని రాయడం మనకి అలవాటు. లక్ష్మణమ్మ ఇవ్వలేదు. ఇవ్వనక్కర్లేదు కూడా. ఆ కత్తి ఆమె బతుకుతెరువు, ఆయన పిడికిలికైతే ఆ చిన్న పిడి సగానికే చాలుతుంది.

మే నెల అలా గడిచింది. బోట్లు ఒడ్డున బోర్లా పడుకున్నాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకున్నారు. అప్పలసూరి వల ముడులు వేసి, తాడు తెంచడానికి పక్కవాడి కత్తి అడగడం మనసొప్పక, పళ్ళతో కొరికాడు. ఆ నెలలో ముందు పన్ను ఒకటి కదిలింది. పోతురాజు ఎదురుపడితే ఇద్దరూ చెరో పక్కకి చూసుకుని వెళ్ళేవారు. మధ్యలో ఒక వారం పోతురాజు ఊళ్ళో కనపడలేదు. ఏదో పనికి వెళ్ళాడన్నారు. అదే వారం లక్ష్మణమ్మ పీట కత్తి ముందేసుకుని చెరువు చేపలు కోస్తూ, చిన్న రెక్కలు తెగక తిట్టుకోవడం అప్పలసూరి విన్నాడు. విన్నాడు గాని ఆలోచించలేదు.

జూన్ మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నే పోతురాజు వచ్చాడు. లోపలికి రాలేదు. అరుగు మీద ఏదో పెట్టాడు.

"అప్పా, బావకి సెప్పు," అని, బదులు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

తలుపు వెనక నుంచి అప్పలసూరి చూస్తూనే ఉన్నాడు. అరుగు మీద మడత కత్తి. కొత్తది. కొమ్ము పిడి.

"ఎల్లి తియ్యి," అంది లక్ష్మణమ్మ.

"కింద పెట్టినాడు గదా. కిందే ఉండనీ. పెట్టినోడిదో తీసినోడిదో తేలనీ."

"నాను మాత్రం ముట్టను. నాది కాదు."

కత్తి అరుగు మీదే ఉండిపోయింది. మొదటి రోజు ఊళ్ళో సగం మంది ఏదో పని కల్పించుకుని ఆ వీధిలోంచి నడిచి చూసి వెళ్ళారు. కోడిపెట్ట ఒకటి దాన్ని పొడిచి చూసి వదిలేసింది. ఎవరూ ఎత్తుకుపోలేదు. కింద పెట్టిన కత్తిని పిలవని మనిషి ముట్టడు, ఆ పద్ధతికి ఆ మేలు ఒకటుంది. రెండో రోజు గాలివాన వచ్చి సముద్రపు తుంపర ఇళ్ళ మీదికి కొట్టింది. మూడో రోజు ఎండ కాసింది.

నాలుగో రోజు పొద్దున అప్పలసూరి చుట్ట ముట్టించుకుందామని అరుగు మీదికి వచ్చి, ఆగాడు. పిడి బయటికి కనపడే కత్తి రేకు ఎర్రబడి ఉంది. స్టీలు కాదు. ఇనుము. చుట్ట పక్కన పెట్టి, దాని ముందు గొంతుక్కూచున్నాడు. ముట్టుకోకుండా ఇటు నుంచీ అటు నుంచీ చూశాడు. లోపలికి వెళ్ళి కొబ్బరి పీచు తెచ్చాడు. మళ్ళీ చూశాడు. ఇంతకీ తాను పెట్టే పరీక్షే అది, తన ప్రమేయం లేకుండా సగం జరిగిపోయింది. మిగతా సగం చూడకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు. ఎత్తాడు.

పీచుతో రుద్దితే ఎరుపు పోయింది. కింద నీలం కలిసిన నలుపు వచ్చింది. గుంట ఒక్కటీ లేదు. పళ్ళతో తెరిచాడు. కదిలే పన్ను పక్కన పెట్టి, దాని పక్క పన్నుతో. తెరుచుకుంది, రివెట్టు బిగువూ వదులూ కానట్టుగా. రివెట్టు కింద రాగి బిళ్ళ కనపడింది. అది చూసి లోపలికి కేకేశాడు.

"ఒసే! ఇది నరసింగరావు సెయ్యి గాదా? ఆడు సెయ్యనన్నాడు గదా!"

లక్ష్మణమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నీతో సెయ్యనన్నాడు. మా తమ్ముడు నాలుగురోజులు కొలిమి కాడ కూకుని బ్లోయరు తిప్పినాడు, గేట్లు మోసినాడు. కమాను పట్టీ ఆడే ఎతికి పట్టుకెల్లినాడు. ఐదో రోజుకి సేసిచ్చినాడు ఆ బాబు."

"మరి ఈ కొలత? ఈ బిళ్ళ? ఆడికెలగ తెలిసినాది?"

ఆమె రొంటిలోంచి తన చిన్న కత్తి తీసి చూపించింది.

"ఇది పట్టుకెల్లినాడు. వారం దినాలు పీట కత్తితో సచ్చినాను నాను."

"నాకు ఇయ్యనన్నావు!"

"నీకు ఇయ్యనన్నాను. ఆడికి సూపించనని అన్నేదు."

అప్పలసూరి కొత్త పిడి మీద బొటనవేలు పెట్టి చూసుకున్నాడు. గుంట లేదు. నున్నగా, పరాయిగా ఉంది. అది పడాలంటే ఇంకో ముప్ఫై నాలుగేళ్ళు కావాలి, అన్నేళ్ళు ఆయన దగ్గర లేవు. అయినా తడి తాడు తెచ్చి ఒక్క లాగు లాగితే రెండు ముక్కలైంది. ఆ మధ్యాహ్నం కత్తికి దారం పోసి మొలతాడుకి కట్టుకుని వీధిలో నడిచాడు. పోతురాజు ఇంటి ముందు నడక తగ్గించాడు గాని ఆగలేదు. పోతురాజు గుమ్మంలోంచి చూసి, నడుం దగ్గర కొమ్ము పిడి గుర్తుపట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. ఇద్దరి మధ్యా సమాధానం అంతే జరిగింది.

జూన్ పదిహేను తెల్లవారుతూనే బోట్లన్నీ దిగాయి. అప్పలసూరి ఎక్కాడు. ధర్మేంద్ర నోరు తెరవబోయి, పోతురాజు చూసిన చూపుకి మూసుకున్నాడు. మొదటి వల బాగానే పడింది. రెండోది లాగేటప్పుడు బెండ్లు కట్టిన తాడు బోటు కింద ఎక్కడో పట్టేసింది. పోతురాజు వెనక అంచు మీద బోర్లా పడుకున్నాడు. ఒక చెయ్యి నీళ్ళలో. రెండో చెయ్యి వెనక్కి చాపాడు.

"బావా, కత్తి."

ధర్మేంద్ర ఇంజను ఆపేశాడు. అల బోటు పక్కకి తగులుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అప్పలసూరి దారం విప్పాడు. వచ్చాడు. అలవాటుగా సగం వంగాడు కూడా. కత్తి పలకకి జానెడు ఎత్తులో ఆగింది. పలక మీద జిగురు నీళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఆయన నిటారుగా నిలబడి, కత్తిని తిప్పి, పిడి అవతలికి పెట్టి చాపాడు.

పోతురాజు తల తిప్పి చూశాడు. చెయ్యి ముందుకు రాలేదు.

"కింద పెట్టు బావా. ఈసారి పట్టుకుంటాను."

"పట్టుకోరా. సేతిలో పట్టుకో."

"తగువొస్తాది."

"వచ్చీసినాది గదా. ఇంకేటొస్తాది?"

పోతురాజు పిడి పట్టుకున్నాడు. ఒక క్షణం ఇద్దరి చేతులూ దాని మీదే ఉన్నాయి. తర్వాత అప్పలసూరి వదిలేశాడు. తాడు తెగింది. కత్తి మళ్ళీ అలాగే, చేతి నుంచి చేతికి, వెనక్కి వచ్చింది. ధర్మేంద్ర ఇంజను స్టార్టు చేసే తాడు లాగుతూ, ఒడ్డుకి వెళ్ళాక చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నట్టు పెదవులు కదిపాడు.

మధ్యాహ్నం బోటు ఒడ్డు చేరింది. లక్ష్మణమ్మ తట్ట పట్టుకుని నీళ్ళ అంచున ఉంది. మూటగట్టిన వల ముడి కోయడానికి పోతురాజు కత్తి అడిగాడు. అప్పలసూరి నడుం దగ్గర నుంచి కత్తి తీసి, వంగి, తడి ఇసక మీద పెట్టాడు. పోతురాజు వంగి తీసుకున్నాడు. రేకుకి అంటిన ఇసక చూసి మొహం చిట్లించాడు.

"ఇసకలో పెడతావేటి బావా? పదును పోదేటి?"

"మరి సేతికిమ్మంటావేటి?"

"ఒడ్డు మీదా!" అని పోతురాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దు బావా. ఇక్కడ వద్దు."

లక్ష్మణమ్మ ఇద్దరి వైపూ చూసి, తట్ట కింద పెట్టి, రొంటిలోంచి తన కత్తి తీసి ఆ ముడి తనే కోసేసింది.